ఇవన్నీ మన వైపు చదువులే
నిన్న ఒడిశా బరంపురంలో పీహెచ్‌డీ వాళ్ళ రీసెర్చ్ పోస్టర్లు చూసొచ్చాను, ఒకరిది చోడి (రాగి) విత్తనాలు, ఒకరిది సికిల్ సెల్ అనే రక్త జబ్బు, ఇంకో అమ్మాయిది ఇటుక బట్టీలకి వలసెళ్ళే కుటుంబాలు... అన్నీ మన కోరాపుట్, రాయగడ వైపువే, భలే సంతోషమేసింది. కోరాపుట్ సంప్రదాయ వ్యవసాయాన్ని 2012లోనే ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఎఫ్ఏఓ ప్రపంచ స్థాయి వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది కదా.

మాది పర్లాకిమిడి, అందుకే గిడుగు రామ్మూర్తి గారు గుర్తొచ్చారు. అందరికీ ఆయన వాడుక భాష ఉద్యమమే తెలుసు గానీ, ఇక్కడ టీచరుగా ఉంటూ సవర గిరిజనుల దగ్గరే వాళ్ళ భాష నేర్చుకుని 1931లో ఆ భాష గురించి సవర మాన్యువల్ అనే పుస్తకం, 1938లో సవర-ఇంగ్లిష్ నిఘంటువు తెచ్చారు, ఎంత ఓపికండీ అసలు!

అటు మహారాష్ట్ర బోర్డర్‌లో గడ్చిరోలి చూడండి, డాక్టర్లు బంగ్ దంపతులు పల్లె ఆడవాళ్ళకి పసిబిడ్డల్ని చూసుకోవడంలో ట్రైనింగ్ ఇచ్చారు, పసిబిడ్డకి సెప్సిస్ (ఒళ్ళంతా పాకే ప్రమాదకరమైన ఇన్ఫెక్షన్) వస్తే ఇంటి దగ్గరే ఇంజెక్షన్ కూడా వాళ్ళే చేసేవాళ్ళు, నెలలోపు బిడ్డల మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. నాకైతే రీసెర్చ్ అంటే ఇదే.

ఆ వలసల అమ్మాయిని అడిగాను, మీరు రాసింది ఆ ఊళ్ళో వాళ్ళకి చదివి వినిపిస్తారా అని. బట్టీల నుంచి వాళ్ళు తిరిగొచ్చాక వెళ్తానంది, తోడు నేనూ వస్తానన్నాను.