రాసిపెట్టని మాటలు

1993లో మన బడి వార్షికోత్సవం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. నాకు గుర్తు లేకపోతే బాగుండునని ఎన్నోసార్లు అనుకున్నాను. అప్పుడు మనం తొమ్మిదో తరగతి. నాది దుర్యోధనుడి ఏకపాత్రాభినయం. అట్టకు బంగారు కాగితం అంటించిన కిరీటం, మా చిన్నాన్న పెళ్ళి పంచె, భుజాన గద. నెల రోజులు పెరట్లో జామచెట్టుకు అప్పజెప్పిన డైలాగు. మొదటి నాలుగు వాక్యాలు గడగడా చెప్పాను. అయిదోది రాలేదు. మైకులో నా ఊపిరి నాకే వినపడుతోంది. తెర పక్కన తెలుగు మాస్టారు కాగితం పట్టుకుని అందిస్తూనే ఉన్నారు, ఒక్క ముక్క చెవికెక్కడం లేదు. చివరికి గద ఎత్తుకుని కుడివైపు వెళ్ళాల్సినవాణ్ణి ఎడమవైపు వెళ్ళి, మూసి ఉన్న తలుపుకు కొట్టుకున్నాను. కిరీటం ఊడి ముందు వరసలో పడింది.

"మయసభలో దుర్యోధనుడికి జరిగిందీ అదేగదరా" అన్నారు మాస్టారు తర్వాత, నవ్వకుండా.

ఆ తలుపు దెబ్బ ఇరవై నాలుగేళ్ళు ఉంది. ఇంజనీరింగులో సెమినార్లు తప్పించుకున్నాను. షికాగో దగ్గర నేపర్‌విల్‌లో ఉద్యోగం చేస్తూ కూడా, మీటింగులో స్లైడు తెరుచుకోకపోతే నా నోరూ తెరుచుకునేది కాదు. ఇది చూసి చూసి మా ఆవిడ 2017లో పుట్టినరోజు కానుక అంటూ డౌన్‌టౌన్ అవతల సెకండ్ సిటీ అనే థియేటర్లో ఇంప్రొవ్ క్లాసుకు ఫీజు కట్టేసింది. కట్టిన ఫీజు వదిలేసుకునే అలవాటు మన ఊళ్ళో ఎవరికీ లేదు కదా. వెళ్ళాను.

ఇంప్రొవ్ అంటే ముందుగా రాసుకోకుండా, అప్పటికప్పుడు వేదిక మీద కల్పించి ఆడే హాస్యం. జనంలోంచి ఎవరో ఒక మాట అందిస్తారు, దాని మీద నాటకం నడవాలి. సెకండ్ సిటీ 1959 డిసెంబరులో మొదలైన థియేటర్. దాన్ని పెట్టిన ముగ్గురిలో ఒకాయన పాల్ సిల్స్. కానీ అసలు విత్తనం ఆయన తల్లి వయోలా స్పోలిన్‌ది. షికాగోలో వలస కుటుంబాల కోసం నడిచిన హల్ హౌస్‌లో నీవా బాయిడ్ అనే ఆవిడ దగ్గర పిల్లల ఆటలు నేర్చుకుని, 1930ల చివర ప్రభుత్వ పథకం కింద పిల్లలకూ పెద్దలకూ నాటకం నేర్పే పనిలో చేరింది. వాళ్ళలో వలస వచ్చినవాళ్ళు చాలామంది. పాఠం చెబితే తలకెక్కదు, ఆట పెడితే ఎక్కుతుంది. అలా ఒక్కో ఆట తయారైంది. 1963లో వాటిని పుస్తకంగా వేసింది. ఇంగ్లీషు అంతంతమాత్రం వచ్చిన వలసవాళ్ళతో ఆడించిన ఆటలే ఎనభై ఏళ్ళ తర్వాత నాతోనూ ఆడించారని తెలిసినప్పుడు కాస్త ధైర్యం వచ్చింది.

క్లాసులు ఎ నుంచి ఇ దాకా అయిదు మెట్లు. ఒక్కో మెట్టు ఎనిమిది వారాలు. మొదటి రోజు పద్నాలుగు మందిమి. నర్సు, లాయరు, రిటైరైన స్కూలు టీచరు, బీరు కంపెనీలో పనిచేసే కుర్రాడు. గుండ్రంగా నిలబెట్టి చప్పట్లాట ఆడించారు. వరసగా జిప్, జ్యాప్, జాప్ అనాలి. జ్యాప్‌కి బదులు ఏమనాలో మర్చిపోయి నేను నోరు తెరుచుకుని నిలబడ్డాను. అందరూ ఒక్కసారిగా చప్పట్లు కొట్టారు. తప్పు చేసినవాడు రెండు చేతులూ పైకెత్తి దర్జాగా వంగి దణ్ణం పెట్టాలట, మిగతావాళ్ళు ఈలలు వేయాలట. అదీ పద్ధతి. మన లెక్కల పీరియడ్‌లో తప్పు చేస్తే ఏం జరిగేదో మీకు చెప్పక్కర్లేదు.

అందరూ మొట్టమొదట చెప్పే సూత్రం 'ఎస్, అండ్'. ఎదుటివాడు "అబ్బ, వాన" అంటే వాన వస్తున్నట్టే. "ఎక్కడ, ఎండ కాస్తోందిగా" అంటే ఆట చచ్చిపోతుంది. వానే అని ఒప్పుకుని, "ఆరేసిన వడియాలు తీశావా?" అనాలి. దీని మీద ఇంగ్లీషులో ఎంత చెప్పినా నాకు పట్టుబడలేదు. ఒకరోజు ఇంటికెళ్ళే రైల్లో మా నాయనమ్మ గుర్తొచ్చింది. కథ చెబుతూ మనం ఊఁ కొట్టకపోతే ఆపేసేది. ఇక్కడా ఊఁ కొట్టాలి, కొట్టి ఒక ముక్క తగిలించాలి. అంతే!

నాకు బాగా గుర్తున్నది మూడో వారం. వస్తువు ఏదీ లేకుండా, చేతులతో ఒక పని చేసి చూపించమన్నారు. నేను మన బడి వెనక గిలకబావిలో నీళ్ళు తోడాను. చేద వదలడం, నీళ్ళు తగిలినప్పుడు తాడు ఒక్కసారి వదులవడం, కుదిపి ముంచడం, ఆ తర్వాత బరువు. తడి తాడు అరచేతిలో ఎలా జారుతుందో నా చేతులకు ఇంకా తెలుసని నాకే తెలియదు. టీచరు ఆ బీరు కంపెనీ కుర్రాణ్ణి నాతో సీను చేయమని పంపారు. అతను విస్కాన్సిన్ వాడు, గిలకబావి పుట్టి ఎరగడు. పడవ లాగుతున్నాననుకున్నాడట. చేతులు జేబులో పెట్టుకుని నేరుగా నడిచొచ్చి నా ముందు నిలబడి "హలో" అన్నాడు.

"ఆగండి," అన్నారు టీచరు. "నువ్విప్పుడు ఆయన బావిలో పడ్డావు."

క్లాసంతా నవ్వు. ఆ కుర్రాడు వెనక్కి వెళ్ళి మళ్ళీ వచ్చాడు. ఈసారి నా చేతులకేసి చూస్తూ వచ్చి, గట్టు మీద చెయ్యి ఆనించి లోపలికి తొంగి చూశాడు. నా చెయ్యి పెట్టిన ఎత్తులోనే అతనూ చెయ్యి పెట్టాడు. లేని బావి ఆ క్షణంలో ఉన్నట్టయింది.

బి మెట్టు మధ్యలో ఆఫీసు పని మీద పడి మానేశాను. ఆరు నెలల తర్వాత సప్లిమెంటరీ రాసేవాడిలా ఇంకో బ్యాచ్‌తో మళ్ళీ బి నుంచే మొదలు. అదే మంచిదైంది. మొదటిసారి నేను నవ్వించడానికి తంటాలు పడ్డాను. యాస కొంచెం ఎక్కువ చేస్తే తేలిగ్గా నవ్వేవాళ్ళు. కొత్త టీచరు ఊరుకోలేదు. "యాస సరే, మనిషెవరు?" అని అడిగారు. జవాబు లేదు నా దగ్గర. ఇంటికెళ్ళి ఆలోచిస్తే తెనాలి బస్సులో మనల్ని రోజూ లోపలికి నెట్టిన ఆర్టీసీ కండక్టరు కనిపించాడు. చెవి మీద పెన్ను, చంకలో సంచి, చిల్లర అడిగితే సన్యాసం పుచ్చుకున్నట్టు మొహం. సి మెట్టులో ఆయన్నే వేశాను. నేను రోజూ ఎక్కే మెట్రా లోకల్ రైళ్ళలో కండక్టర్లు అప్పటికింకా టికెట్లకు చిల్లులు పొడుస్తూ తిరిగేవాళ్ళు, అందుకని అక్కడివాళ్ళకు మనిషి ఠక్కున తెలిసిపోయాడు.

మన బడికి అవధాని వచ్చి అష్టావధానం చేసిన రోజు కూడా తరచూ గుర్తొచ్చేది. నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు అక్షరం అక్షరానికీ అడ్డు తగులుతుంటే ఆయన పద్యం ఇంకో దారి వెతుక్కోవడం, అప్రస్తుత ప్రసంగి తలాతోకా లేని ప్రశ్న వేస్తే దానికీ చమత్కారంగా బదులివ్వడం. అంతకంటే కష్టమైన ఇంప్రొవ్ ఉంటుందనుకోను. పాండిత్యంలో మావి దాని దరిదాపులకు కూడా రావు. ఒక్కటే తేడా. అవధానంలో ఎనిమిది మంది ఒక్కణ్ణి చిక్కుల్లో పెడతారు. ఇక్కడ ఒక్కడు చిక్కుకుంటే ఎనిమిది మంది పరుగెత్తుకొస్తారు.

డి మెట్టు గురించి పెద్దగా చెప్పేదేం లేదు, నేర్చుకున్నవే వేగంగా చేయించారు. ఇ చివర జనం ముందు ప్రదర్శన. మా ఆవిడ, పాప ముందు వరసలో. వెనక నుంచి ఎవరో "పెళ్ళి!" అని మాట అందించారు. రెండు సీన్లు బాగానే నడిచాయి. మూడో దానికి నేనొక్కణ్ణే ముందుకొచ్చి నిలబడ్డాను. ఏమీ తట్టలేదు. అదే ఊపిరి చప్పుడు. కళ్ళు వాటంతట అవే తలుపు ఎటుందో వెతికాయి. చేతులు మాత్రం, ఎందుకో, తాడు పట్టుకున్నాయి.

ఆ విస్కాన్సిన్ కుర్రాడూ మధ్యలో ఆగిపోయి మా బ్యాచ్‌లోనే కలిశాడు. పక్క నుంచి వచ్చి గట్టు మీద చెయ్యి ఆనించాడు. లోపలికి తొంగి చూశాడు. "పెళ్ళికొడుకు ఇంకా లోపలే ఉన్నాడా?" అన్నాడు.

"ఉన్నాడు," అన్నాను. "కట్నం తేలేదాకా పైకి రాడట."

అక్కణ్ణుంచి మిగతావాళ్ళు ఒక్కొక్కరే వచ్చి తాడు పట్టుకున్నారు. ఆరుగురం కలిసి లాగాం.

మర్నాడు అమ్మకు ఫోన్ చేసి నాటకం వేశానని చెప్పాను. చాలా సంతోషించింది. మాటలు ఎవరు రాశారని అడిగింది. ఎవరూ రాయలేదమ్మా, అప్పటికప్పుడు చెప్పేయడమే అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"పోనీలే నాన్నా," అంది. "మళ్ళీ మర్చిపోయావా?"