కూల్చని బిల్డర్: కర్నూలు పాతబస్తీలో ఒక పని పద్ధతి

కర్నూలు పాతబస్తీలో వరద ముంచిన రాతి ఇళ్ళను నిలబెట్టిన బిల్డర్ ఒకరు ఈమధ్య కాలం చేశారు. పేరు రాయడం ఇంటివాళ్ళకు ఇష్టం లేదు, అందుకే రాయడం లేదు. ఆయన పద్ధతి మాత్రం రాసి తీరాలి. అదంతా బేల్దారులకు (తాపీ పనివాళ్ళకు) నోటిమాటగా చెప్పిందే తప్ప కాగితం మీద ఎక్కడా లేదు. ఆయన దగ్గర పని నేర్చినవాళ్ళలో చాలామంది ఇప్పుడు అపార్ట్‌మెంట్ పనులకు వెళ్ళిపోయారు.

పాతబస్తీ వరదకు ముందే చిక్కిపోతూ వచ్చింది. 1953 అక్టోబర్ 1న ఊరు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయినప్పుడు ఆఫీసులు గుడారాల్లో నడిచాయి, ఉద్యోగుల కోసం ఏ, బీ, సీ క్యాంపులు లేచాయి. మూడేళ్ళకే, 1956 నవంబర్ 1న, రాజధాని హైదరాబాదుకు పోయింది. ఆ తర్వాత ఊరు క్యాంపుల వైపు, నంద్యాల రోడ్డు వైపు పెరుగుతూ పోయిందే తప్ప కొండారెడ్డి బురుజు చుట్టుపక్కల వీధులను పట్టించుకున్నవాళ్ళు తక్కువ. 2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ రెండూ ఒకేసారి పొంగాయి. దిగువన శ్రీశైలం జలాశయం 885 అడుగుల పూర్తి మట్టం దాటి 896 అడుగుల దాకా నిండి ఉంది. నీళ్ళు కిందికి పోయే దారి లేక వెనక్కి ఎగదన్ని, రెండు నదులు కలిసే చోట ఉన్న ఊరిని ముంచేశాయి.

వరద తగ్గాక పాతింటి యజమానులు విన్న సలహా ఒక్కటే: కూల్చేయండి, డెవలప్‌మెంట్‌కు ఇచ్చేయండి. ఈయన ఒప్పుకోలేదు. పాత వీధి కూలేది గోడలు పడి కాదు, మనుషులు వెళ్ళిపోయి అనేది ఆయన నమ్మకం. ఇల్లు కూల్చి మళ్ళీ కట్టడానికి రెండేళ్ళు పడితే ఆ కుటుంబం ఈలోగా బాడుగ ఇంటికి పోతుంది, పిల్లలు అక్కడి బడిలో చేరతారు, దుకాణానికి వచ్చే గిరాకీ మరో వీధికి మళ్ళుతుంది. ఆ తర్వాత మేడ లేచినా వీధి తిరిగి రాదు. అందుకే ముందు దుకాణం, తర్వాత వంటిల్లు, చివర్న పడసాల (ముందు హాలు) అన్న వరసలో పని నడిపించేవారు. ఇంజనీరింగ్ లెక్కలకన్నా ఈ వరసే ఊరికి ఎక్కువ మేలు చేసిందని నా అభిప్రాయం.

ఆయన చేతికొచ్చిన ఇళ్ళ గోడలు అడుగున్నర, రెండడుగుల మందం. బయట ఒక వరస రాయి, లోపల ఒక వరస రాయి, ఇవే గోడకు రెండు ముఖాలు; మధ్యలో మట్టి, చిన్న రాళ్ళు. అతుకులకు పైపైన సున్నం. పైన దూలాలు, దంతెలు, వాటి మీద బండలు, ఆపైన చౌడు మట్టి. ఇలాంటి గోడలో వరద నీళ్ళు నిలిస్తే ముఖం రాళ్ళకు ఏమీ కాదు. మధ్యలోని మట్టి కరిగి కిందికి జారిపోతుంది. ఆ జారిన మట్టి అడుగున చేరి రెండు ముఖాలనూ బయటికి తోస్తుంది. అందుకే వరదకు తడిసిన గోడ ఉబ్బేది ఎప్పుడూ నేల నుంచి రెండు మూడు అడుగుల ఎత్తులోనే, దానికి పైన డొల్లగా ఉంటుంది. సుత్తితో కింది నుంచి పైకి తట్టుకుంటూ పోతే చప్పుడు ఎక్కడ మారిందో అక్కడ సున్నంముక్కతో గీత గీయించేవారు. ఆ గీతలన్నీ కలిపితే గోడ లోపలి ఖాళీ బొమ్మ గీసినట్టు కనబడేది.

గోడను ముట్టుకునే ముందు దూలాలకు ఆనుడు పెట్టాలి. గోడకు రెండడుగులు ఇవతల, కింద మందపాటి చెక్క వేసి, దాని మీద ఇనుప జాకీ గానీ సర్వీ బాదు గానీ నిలబెట్టి, ఎదురెదురు చీలలతో బిగించాలి. ఇక్కడ జరిగే తప్పు ఎక్కువ బిగించడం. దూలాన్ని పైకి లేపాలని చూస్తే పైనున్న బండలు పగులుతాయి. బరువు అందుకుంటే చాలు, లేపక్కర్లేదు. తర్వాత పైనుంచి గుండు దారం వేలాడదీసి గోడ ఎంత వాలిందో కొలవాలి. గోడ మందంలో ఆరో వంతు దాకా, అంటే అడుగున్నర గోడకు 3 అంగుళాల దాకా, వాలినా బాగు చేయొచ్చు. అది దాటితే అంతమేరకు విప్పి అవే రాళ్ళతో మళ్ళీ కట్టాలి. విప్పేటప్పుడు రాళ్ళకు నంబర్లు వేయించేవారు. మళ్ళీ కట్టేటప్పుడు గోడ ఈ ముఖం నుంచి ఆ ముఖం దాకా పట్టే పొడవు రాయి ప్రతి ఐదడుగులకు ఒకటి పెట్టించేవారు. పాత గోడల్లో చాలాచోట్ల లేనిది అదే, ఉబ్బడానికి సగం కారణమూ అదే.

సంపుల సంగతి కూడా చెప్పాలి. వరద తగ్గగానే అందరూ చేసే పని మోటారు పెట్టి సంపును ఒక్క పూటలో ఖాళీ చేయడం. చుట్టూ భూమి ఇంకా నీళ్ళతో నిండి ఉంటుంది, లోపల ఎదురు బరువు లేకపోయేసరికి సంపు గోడలు లోపలికి పగులుతాయి, ఒక్కోసారి సంపు అడుగుభాగం పైకి లేస్తుంది. రోజుకు మూడో వంతు తీసి, మర్నాడు మట్టం చూసి, అది పెరగకుండా ఉంటేనే మిగతాది తీయించేవారు.

ఇక ఆరబెట్టడం. అందరికీ ఓపిక పోయేది ఇక్కడే. తడిసిన రాతి గోడ ఒక్కో ముఖం నుంచి నెలకు అంగుళం చొప్పున ఆరుతుందన్నది ఆయన లెక్క. రెండు ముఖాలకూ గాలి తగిలే అడుగున్నర గోడకు అటు తొమ్మిది, ఇటు తొమ్మిది, అంటే తొమ్మిది నెలలు. ఈలోగా సిమెంటు ప్లాస్టరింగ్ చేస్తే చెమ్మ లోపలే చిక్కుకుంటుంది. నీటితో కదిలి వచ్చిన ఉప్పు ప్లాస్టరు వెనకాల గడ్డకట్టి, మొదటి ఎండాకాలంలోనే దాన్ని పలకలు పలకలుగా ఊడదీస్తుంది. తర్వాత చెమ్మ సిమెంటు లేని చోటు వెతుక్కుంటూ పైకి ఎక్కి, చివరికి దూలం గోడలో దిగిన చోటికి చేరుతుంది. మామూలుగా అక్కడే కర్ర పుచ్చుతుంది. అందుకని నీళ్ళు నిలిచిన గీతకు అడుగు పైదాకా పాత సిమెంటు మొత్తం కొట్టించేసేవారు. తేలిన ఉప్పును పొడి కుంచెతో దులిపి, కిందపడింది చేటకెత్తి బయట పారేయాలి. నీళ్ళతో కడిగితే అది మళ్ళీ గోడలోకే పోతుంది.

మరి తొమ్మిది నెలలు దుకాణం మూసుకోవాలా? అక్కర్లేదు, ప్లాస్టరు లేకుండానే తెరవండి అనేవారు. ఖాళీలు పూడ్చి, అతుకులు సున్నంతో నింపి, రాయి మీదే రెండు పూతల సున్నం వేయించి, సరుకు గోడకు ఆనకుండా నాలుగు అంగుళాల ఎడంతో ఇనుప అరలు పెట్టించి షట్టరు ఎత్తించేవారు. చూడ్డానికి మొండిగోడలే. కానీ బేరం మొదలయ్యేది, ఇంటాయన రోజూ ఆ వీధికి వచ్చేవాడు.

ఖాళీలు పూడ్చడానికి రెండడుగులకు ఒకటి చొప్పున చిన్న రంధ్రాలు చేసి, సున్నం, ఇటుక పొడి నీళ్ళలో పలచగా కలిపిన సున్నపు పాలు పోయాలి. ముందు నీళ్ళు పోసి లోపలి దుమ్ము తడపాలి, లేకపోతే పొడి మట్టి ఆ పాలలోని నీళ్ళను పీల్చేసి దారి మధ్యలోనే అది గడ్డకడుతుంది. కింది వరస నుంచి మొదలుపెట్టి, పక్క రంధ్రంలోంచి కారడం కనిపించాక ఇది మూసి పైకి పోవాలి. రోజుకు రెండడుగుల ఎత్తు, అంతే. తొందరపడి నిలువెత్తూ ఒకేసారి నింపితే ఆ నీటి బరువుకే గోడ బయటికి వాలుతుంది. వరదకు నిలిచిన గోడ మరమ్మతుకు పడిపోయేది ఇలాంటి తొందర వల్లే.

సున్నం విషయంలో ఆయన పట్టుదల గట్టిది. సంచుల్లో వచ్చే పొడి సున్నం కాదు, కాల్చిన సున్నపురాయి తెచ్చి తొట్టిలో చల్లబరచాలి. నీళ్ళలోకి సున్నం వేయాలి, సున్నం మీద నీళ్ళు పోయకూడదు. పోస్తే ఉడికి ముఖం మీదికి చిమ్ముతుంది, కళ్ళు పోతాయి. వడగట్టి, పైన నాలుగు వేళ్ళ నీళ్ళు ఉండేలా కనీసం పదిహేను రోజులు ఊరనివ్వాలి. సరిగా ఊరని పలుకు గోడలోకి పోతే అది తర్వాత ఉబ్బి గుండ్రంగా పెచ్చు లేపుతుంది. పాళ్ళు సున్నం 1, ఇసుక 3. నేలకు దగ్గరగా చెమ్మ తగిలే చోట సున్నం 1, ఇటుక పొడి 1, ఇసుక 2. తుంగభద్ర ఇసుకే అయినా గాజు గ్లాసులో నీళ్ళతో కలిపి నిలబెట్టి చూడాలి. పైన తేరిన ఒండ్రు పొర ఇసుక ఎత్తులో పన్నెండో వంతు దాటితే కడిగి వాడాలి. వంద చదరపుటడుగుల గోడకు అర అంగుళం పూత వేయాలంటే, రాతి సందుల్లోకి పోయేది కలుపుకుని, ఐదున్నర ఘనపుటడుగుల ఇసుక, రెండు ఘనపుటడుగులకు కాస్త తక్కువ సున్నం పడుతుంది. ఒక్కో పూత అర అంగుళం దాటకూడదు. వారం, పది రోజులు తడి గోనెపట్టాలు కట్టి నీడన ఉంచాలి. కర్నూలు ఎండకు వదిలేస్తే రెండో రోజుకే సన్న పగుళ్ళు వస్తాయి. బెల్లం, కరక్కాయ నీళ్ళు మిద్దె గచ్చుకు మాత్రమే వాడేవారు, గోడకు దండగ ఖర్చు అనేవారు.

మిద్దెలదే అసలు ప్రమాదం. మిద్దె కారినప్పుడల్లా పైన కొత్త చౌడు పోయడం మన అలవాటు, పాతది తీయడం లేదు. నాలుగు అంగుళాలతో మొదలైన పొర రెండు తరాలకు అడుగు అవుతుంది. 10 అడుగులకు 12 అడుగుల గది మీద అడుగు చౌడు అంటే 120 ఘనపుటడుగులు. పొడిగా ఉన్నప్పుడే 5 టన్నులు దాటుతుంది, వానకు తడిస్తే ఆరున్నర దాకా పోతుంది. కింద చివర పుచ్చిన దూలం. ఆయన చౌడు మొత్తం దింపించి, మూడు అంగుళాల ఇటుక ముక్కల సున్నపు గచ్చు వేయించి, చెక్కలతో కొట్టించేవారు. అది ఒకటిన్నర టన్ను. వాలు ఐదడుగులకు ఒక అంగుళం. చౌడు దింపేటప్పుడు రెండు వైపుల నుంచి సమంగా తీయాలి, తీసింది మిద్దె అంచున కుప్ప పోయకూడదు, గంపకు గంప కిందికి పంపాలి. దూలం చివర్లు మేకుతో గుచ్చి చూడాలి. మేకు అంగుళం దిగితే ఆ భాగం కోసి రెండు పక్కలా ఇనుప ఛానల్ వేసి బోల్టులు బిగించాలి. చివర చుట్టూ అర అంగుళం ఖాళీ వదలాలి, సిమెంటుతో మూస్తే కర్రకు ఊపిరాడదు.

కరెంటు పనిలో ఆయన మూడు నియమాలు పెట్టుకున్నారు. వైర్లు పైనుంచే దిగాలి, ప్లగ్గులు నాలుగడుగుల ఎత్తున ఉండాలి, 500 ఓల్టుల మెగ్గర్‌తో (వైరు ఇన్సులేషన్ కొలిచే మీటరుతో) పరీక్షిస్తే ఒక మెగాఓమ్ కన్నా తక్కువ చూపించిన లైనుకు కనెక్షన్ ఇవ్వకూడదు.

ఇంటి పనికన్నా కష్టమైనది కాగితాల పని. పాతబస్తీ ఇల్లంటే ఆరుగురు, ఏడుగురు భాగస్తులు, ఒకరు గల్ఫులో, ఒకరు హైదరాబాదులో. అందరి సంతకాలూ పడందే ఆయన గునపం వేయించేవారు కాదు. మరమ్మతు ఖర్చు తనే పెట్టి వీధివైపు దుకాణాన్ని కొన్నేళ్ళు లీజుకు తీసుకునే పద్ధతిలో ఏడాదికి మించిన ఏ లీజైనా రిజిస్టర్ చేయించేవారు. పదకొండు నెలల అగ్రిమెంట్ల మీద ఇంత డబ్బు పెడితే భాగస్తుల్లో ఒక్కరు తిరగబడినా పని ఆగిపోతుంది. స్థలంలో వాటా అడగకపోవడం వల్లే జనం ఆయన్ను నమ్మారు. లాభం తక్కువే, కానీ డబ్బు తిరిగి చేతికొచ్చి పక్కింటికి పనికొచ్చేది.

ఆయన చివరిదాకా పోట్లాడింది రోడ్ల మట్టం గురించి. పాత సిమెంటు రోడ్డు తవ్వకుండా దాని మీదే ఆరేసి అంగుళాలు వేసుకుంటూ పోతే మూడు విడతల్లో అడుగున్నర లేస్తుంది. మూడు మెట్లెక్కి వెళ్ళే అరుగు వీధికి సమానమవుతుంది, తర్వాత ఇంట్లోకి దిగాల్సి వస్తుంది. అప్పుడు ఇల్లు మునగడానికి నది పొంగక్కర్లేదు, ఒక గంట వాన చాలు. గోడ ఎంత బాగా కట్టినా రోడ్డు మీది నీళ్ళు పునాదిలోకి దిగుతూ ఉంటే చెమ్మ ఆగదు. తన పని జరుగుతున్న వీధిలో గడపల మట్టం కొలిచి ప్రతి గోడ మీదా ఎర్ర గీత పెట్టించి, రోడ్డు ఆ గీతకు అడుగు కిందే ఆగాలని వీధివాళ్ళందరి చేత అర్జీ పెట్టించేవారు. కొన్నిచోట్ల విన్నారు. విననిచోట్ల గడప బయట బేతంచెర్ల బండలతో అడుగు వెడల్పు కాలువ తీయించి, మూతబండలు చేత్తో ఎత్తేలా వదులుగా పెట్టించేవారు. సిమెంటుతో అతికిస్తే పూడిక తీసేవాడు ఉండడు.

ఆయన బాగుచేసిన ఇళ్ళలో ఉంటున్నవాళ్ళకు రెండు మాటలు. ఆ గోడలకు ప్లాస్టిక్ పెయింటు, పుట్టీ వేయకండి, తొమ్మిది నెలలు ఆరబెట్టిన పని వృథా అవుతుంది. ఏటా తొలకరికి ముందు కిలో సున్నానికి ఐదు లీటర్ల నీళ్ళు, కాస్త బంక కలిపి, గోడ తడిపి, పలచగా రెండు పూతలు వేయించండి. మిద్దె మీద నీటిగొట్టం నోట్లో ఆకులు తీయించండి. కాలువ మూతలు ఎత్తించి పూడిక తీయించేది మృగశిర కార్తె రాకముందే జరగాలి.