పండుగ పూట చదువేమిటే?

పండుగ మర్నాడు ఫోను చేస్తే మా అమ్మ మొట్టమొదట అడిగేది ఒకటే: “ఏం చేశావే?” చేయడమంటే వంట. బూరెలా, గారెలా, పులిహోరలో ఇంగువ వేశావా లేదా. పధ్నాలుగేళ్ల కిందట, కోడలిగా నేను గడిపిన మొదటి షవువోత్ అనే యూదుల పండుగ మర్నాడు కూడా తెనాలి నుంచి అదే ప్రశ్న వచ్చింది. “అత్తయ్య చీజ్ కేకు చేశారు. తిన్నాక అర్ధరాత్రి దాటేదాకా కూర్చుని చదువుకున్నాం” అన్నాను. అమ్మ ఒక్క క్షణం ఆగి, “పండుగ పూట చదువేమిటే? పరీక్షలా?” అంది.

ఆ రోజు అమ్మకు సరైన జవాబు చెప్పలేకపోయాను. నాకే తెలియదు. మా వారు యూదులు. నేను తెనాలిలో పుట్టి పెరిగి, ఉద్యోగానికి న్యూజెర్సీ వచ్చి, ఇక్కడే పెళ్లి చేసుకున్నాను. మతం మారలేదు, మారమని ఎవరూ అడగలేదు. మాకు ఇద్దరు పిల్లలు. పాపకు పదకొండేళ్లు, బాబుకు ఏడు. సంప్రదాయ యూదు ధర్మం ప్రకారం యూదత్వం తల్లి నుంచి వస్తుంది. ఆ లెక్కన నా పిల్లలు యూదులు కారు. అమెరికాలోని రిఫార్మ్ శాఖ రబ్బీలు, అంటే యూదు మతగురువులు, 1983లో వేరే నిర్ణయం తీసుకున్నారు. తల్లిదండ్రులలో ఎవరు యూదులైనా సరే, బిడ్డ ఆ జీవితంలో అందరి ఎదుట పాలుపంచుకుంటూ పెరిగితే యూదు బిడ్డే అన్నారు. ఆర్థడాక్స్, కన్సర్వేటివ్ శాఖలు దీన్ని ఒప్పుకోవు. మేము వెళ్లే ప్రార్థనా మందిరం రిఫార్మ్ శాఖది. అంటే నా పిల్లల విషయంలో పుట్టుక సగమే, తక్కిన సగం చదువు. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి అమ్మ ప్రశ్న నన్ను వదలలేదు.

తెలుగు బైబిలు చదివినవారికి షవువోత్ అంటే వారముల పండుగ. ఐగుప్తు బానిసత్వం నుంచి విడుదలను తలుచుకునే పస్కా పండుగ రెండో రోజు నుంచి ఏడు వారాలు రోజురోజూ లెక్కపెట్టుకుంటూ వచ్చి, యాభయ్యో రోజున జరుపుకుంటారు. తోరాలో, అంటే బైబిలులోని మొదటి ఐదు గ్రంథాలలో, ఇది అచ్చమైన రైతుల పండుగ. గోధుమ కోతల కాలం, తొలి పంట పట్టుకుని దేవాలయానికి వెళ్లే సమయం. సీనాయి కొండ మీద దేవుడు తోరా ఇచ్చిన రోజు ఇదేనని అందులో ఎక్కడా రాసి లేదు. క్రీ.శ. 70లో రోమన్లు యెరూషలేము దేవాలయాన్ని నేలమట్టం చేశారు. తొలి పంట తీసుకెళ్లడానికి గుడి లేకుండా పోయింది, దేశాలు పట్టిపోయినవారికి పొలాలూ లేకుండా పోయాయి. పండుగ మాత్రం మిగిలింది. ఆ తరవాతి రబ్బీల బోధనలో అది తోరా లభించిన రోజుగా స్థిరపడింది. బలిపీఠమే లేనప్పుడు అర్పణ ఎలా అన్నదానికి, రబ్బీల చర్చలన్నీ కూర్చిన తల్ముదు గ్రంథంలో ఒక జవాబు ఉంది: బలి విధిని చదివినవాడు ఆ బలిని అర్పించినట్టే.

ఈ మాట విన్నాక నాకు మా ఇంటి సంక్రాంతి గుర్తొచ్చింది. జనవరిలో ఇక్కడ బయట మంచు. కళ్లం లేదు, కొత్త బియ్యం లేవు, పేడ లేదు కనుక గొబ్బెమ్మలూ లేవు. కొట్లో కొన్న బియ్యంతో పొంగలి వండి, పిల్లలకు పట్టుబట్టలు తొడిగి, ఫొటోలు తీసి అమ్మకు పంపిస్తాను. అన్నీ శ్రద్ధగానే చేస్తాను. కానీ ఈ పండుగ ఎందుకు, ఎవరి పొలంలో మొదలైంది, ఎడ్లకు ఎందుకు పూజ అన్నది పిల్లలతో కూర్చుని మాట్లాడింది లేదు. పొలం పోయాక పంటల పండుగను ఎలా బతికించుకోవాలన్న ప్రశ్న ఈ జనానికి రెండు వేల ఏళ్ల కిందటే ఎదురైంది. పుట్టుకతో యూదుడైన జర్మన్ కవి హైన్రిష్ హైనే, యూదులకు బైబిలు వెంట మోసుకుపోగల మాతృభూమి అన్నాడు. వలస వచ్చిన తల్లికి ఆ మాట ఎక్కడ తగులుతుందో వేరే చెప్పనక్కరలేదు.

షవువోత్ రాత్రి మేలుకుని చదవడం వెనక ఒక కథ ఉంది. తోరా ఇచ్చే రోజు తెల్లవారినా జనం ఒళ్లు తెలియకుండా నిద్రపోతున్నారట, మోషే వెళ్లి లేపవలసి వచ్చిందట. ఆ నిద్రకు పరిహారంగా ఏటా ఆ రాత్రి మేలుకుంటారు. పదహారో శతాబ్దంలో గలిలయలోని సాఫెద్ పట్టణపు సాధకుల వల్ల ఈ ఆచారం బాగా వ్యాపించింది. శివరాత్రి జాగారం తెలిసినదాన్ని కాబట్టి మేలుకోవడం నాకు కొత్త కాదు. ఆ రాత్రి చేసే పని కొత్త. ఇద్దరిద్దరు ఎదురెదురుగా కూర్చుని, మధ్యలో ఒక పుట పెట్టుకుని, పైకి చదువుతూ వాదించుకుంటారు. దీన్ని హెవ్రూతా అంటారు. స్నేహితుడు అన్న మాట నుంచి పుట్టిన పేరు. మొదటిసారి చూసినప్పుడు పోట్లాడుకుంటున్నారేమో అనుకున్నాను. మా అత్తయ్య ఒక ఎనభై ఏళ్ల పెద్దాయనతో “మీరు చెప్పింది ఈ వాక్యంలో లేదు” అంటున్నారు. ఆయన చిన్నబుచ్చుకోకుండా, ముఖం వెలిగిపోతూ, వేలుపెట్టి మరో వాక్యం చూపిస్తున్నారు.

చదువు మొదలుపెట్టే ముందు ఒక స్తుతి చెబుతారు. అందులో తోరాను నేర్చుకో అనే మాట ఉండదు. దాని మాటలతో పనిపెట్టుకో, వాటిలో నిమగ్నమై ఉండు అన్న అర్థం వచ్చే క్రియ ఉంటుంది. ఇది మా వారు విడమరచి చెప్పినప్పుడు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎందుకో చెబుతాను. నేను పెరిగిన ఇంట్లో చదువంటే ముగించవలసిన పని. పదో తరగతి, ఇంటర్, ఎంసెట్, ర్యాంకు. ఒక్కో మెట్టు ఎక్కగానే కింది మెట్టు పుస్తకాలు అమ్మేసేవాళ్లం. చదవడమే పూజ కావచ్చునని, తెలిసిపోయినదాన్ని మళ్లీ చదవడం ప్రేమ కావచ్చునని నాకు ఎవరూ చెప్పలేదు. ఇక్కడ ఆ చదువుకు ముగింపు లేదు. శరదృతువులో సిమ్హత్ తోరా పండుగ నాడు ద్వితీయోపదేశకాండము చివరి వాక్యాలు చదివి, ఊపిరి తీసుకునేంతలో ఆదికాండము మొదటి వాక్యాలు అందుకుంటారు. తోరాలో చివరి అక్షరం లామెద్, మొదటిది బేత్. ఆ చివరను ఈ మొదలుతో కలిపి చదివితే లేవ్, అంటే హృదయం. ఆ రోజు పిల్లలందరినీ ఒక పెద్ద ప్రార్థనా శాలువా కింద నిలబెట్టి తోరా దగ్గరికి పిలుస్తారు. పోయినసారి మా బాబు కూడా ఆ శాలువా కింద ఉన్నాడు. బయటికి వాడి బూట్లు మాత్రమే కనిపించాయి.

ఆ స్తుతిలోనే మరో కోరిక ఉంది: నీ మాటలు మా నోటికి, నీ జనం నోటికి తియ్యగా ఉండాలి అని. మధ్యయుగాల జర్మనీ, ఫ్రాన్స్ ప్రాంతాల యూదులు దీన్ని అక్షరాలా పాటించారు. ఐదారేళ్ల పిల్లవాణ్ణి షవువోత్ నాడు శాలువాలో చుట్టి గురువు దగ్గరికి మోసుకెళ్లేవారు. పలక మీద హీబ్రూ అక్షరాలు రాసి వాటికి తేనె పూసేవారు. పిల్లవాడు అక్షరం పలికి తేనె నాకేవాడు. ఇది విన్న రోజున నేను మా పాప అక్షరాభ్యాసం ఫొటో తీసి అత్తయ్యకు చూపించాను. తెనాలిలో, శ్రీపంచమి నాడు, మా నాన్న ఒళ్లో కూర్చుని పళ్లెంలో బియ్యం మీద వేలితో రాస్తోంది. అత్తయ్య చాలాసేపు చూసి, “ఆ బియ్యం తరవాత ఏం చేశారు?” అని అడిగారు. పరమాన్నం వండామన్నాను. “అయితే మీరూ అక్షరాలను తిన్నారన్నమాట” అన్నారు. ఆమెను నేను మొదటి నుంచీ అత్తయ్యా అనే పిలుస్తాను. ఆ పిలుపు ఆమెకు ఇష్టం.

మనకు పండుగలో చదువు లేదని నేను అనడం లేదు. కార్తీకమాసంలో మా నాయనమ్మ రోజుకొక అధ్యాయం చొప్పున నెలంతా కార్తీక పురాణం చదివేది. వ్రతమైతే కథ పూర్తయ్యేదాకా చేతిలో అక్షింతలు పట్టుకుని కూర్చునేవాళ్లం. పరీక్షిత్తు అడగకపోతే శుకుడు భాగవతం చెప్పేవాడే కాదు. సముద్రం దాటేటప్పుడు మేము పిండివంటలూ పట్టుచీరలూ తెచ్చుకుని ఆ చదువును అక్కడే వదిలేశాం. ఇది నా బాధ. ఎవరినీ తప్పుపట్టడం కాదు, ముందుగా నన్నే అనుకుంటున్నాను. పస్కా రాత్రి భోజనాల దగ్గర ఇంట్లోకెల్లా చిన్నవాడు ప్రశ్నలు అడిగితేనే కథ నడుస్తుంది. ఒంటరిగా ఉన్నవాడు సైతం తన ప్రశ్న తానే అడుగుకోవాలన్నది తల్ముదు నియమం. నా పిల్లలు ఆ బల్ల దగ్గర అడగడం నేర్చుకున్నారు. అడగడం నేర్చిన నోరు మా వైపు పండుగల దగ్గర మాత్రం ఎందుకు మూసుకోవాలి?

రెండేళ్లుగా ఆదివారం ఉదయాలు మా పాప, అమ్మ కలిసి వీడియోలో గజేంద్రమోక్షం చదువుతున్నారు. మొదట్లో ఇబ్బంది అయింది. ఏనుగు వెయ్యేళ్లు పోరాడేదాకా విష్ణువు ఎందుకు ఆగాడని పాప అడిగింది. “దేవుణ్ణి అలా అడగకూడదు తల్లీ” అంది అమ్మ. “దేవుడు ఉన్నాడో లేడో అని ఏనుగే అడిగింది కదా అమ్మమ్మా” అంది ఇది. అమ్మ ఆ పూట మరేమీ మాట్లాడలేదు. వారం తిరిగేసరికి గుడిలో పంతులుగారిని అడిగి వచ్చి, ఆయన చెప్పింది తనకు నచ్చలేదని కూడా చెప్పి, తన సొంత జవాబు వినిపించింది. ఏనుగు తన బలం తనకు చాలుననుకున్నంతసేపూ పిలవనే లేదు కదా, పిలవనిదే ఎలా వస్తాడని. డెబ్బై ఏళ్ల మా అమ్మ, పదకొండేళ్ల మా పాప. అదీ హెవ్రూతాయే.

అమ్మతో మాట్లాడుతుంటేనే మరో సంగతి బయటపడింది. గుంటూరు జిల్లాలో, మా తెనాలికి దగ్గరలోనే చేబ్రోలు ఉంది. ఆ పక్కనే కొత్తరెడ్డిపాలెంలో తమను బెనె ఎఫ్రాయీం అని చెప్పుకునే తెలుగు యూదు కుటుంబాలు ఉన్నాయి. 1990ల మొదటి నుంచి వారికి ఒక ప్రార్థనా మందిరం ఉంది. ఆ చుట్టుపక్కల నేను కాలేజీ రోజుల్లో ఎన్నిసార్లు బస్సులో వెళ్లానో లెక్క లేదు. తెలుగు మాట్లాడే తల్లులు శుక్రవారం సాయంత్రం షబ్బాతు, అంటే విశ్రాంతి దినపు, దీపాలు వెలిగించే ఊరు మా ఊరికి అంత దగ్గరలో ఉందని తెలుసుకోవడానికి న్యూజెర్సీ రావలసి వచ్చింది.

ఈసారి షవువోత్ రాత్రి నాకు జతగా మా పాప కూర్చుంది. ఆ పండుగకు రూతు గ్రంథం చదవడం ఆనవాయితీ. కోతల కాలపు కథ, పైగా పరాయి ఇంటి నుంచి వచ్చిన కోడలి కథ. భర్తనూ ఇద్దరు కొడుకులనూ పోగొట్టుకున్న నయోమి, మోయాబు దేశపు కోడళ్లిద్దరినీ మీ మీ తల్లుల ఇళ్లకు వెళ్లిపొమ్మంటుంది. ఓర్పా అత్తను ముద్దుపెట్టుకుని వెళ్లిపోతుంది. రూతు వెళ్లదు. నీ జనమే నా జనం, నీ దేవుడే నా దేవుడు అంటుంది. బేత్లెహేములో బోయజు పొలంలో పరిగె ఏరుకుని అత్తను పోషిస్తుంది. పొలం అంచుల దాకా కోయకుండా పేదలకూ పరదేశులకూ వదలాలన్న ఆజ్ఞ, లేవీయకాండంలో ఈ పండుగ గురించి చెప్పిన వెంటనే వస్తుంది. అందుకే ఆ సాయంత్రం పిల్లలందరూ ముందుగా బియ్యం, పప్పు సంచులు కట్టారు. చదువు గొప్పదా, ఆచరణ గొప్పదా అని రబ్బీలు వాదించుకుని, ఆచరణకు దారితీస్తుంది కనుక చదువే గొప్పదని తేల్చారట. ఆ సంచుల దగ్గర నాకు ఆ తీర్పు అర్థమైంది.

పాప రూతు దగ్గర ఆగలేదు. “అమ్మా, ఓర్పా తప్పు చేసిందా? నయోమి వెళ్లమంటేనే కదా వెళ్లింది” అంది. కొంచెంసేపు వాక్యం మీద వేలు ఉంచి, “నువ్వు రూతువా, ఓర్పావా?” అని అడిగింది.

పద్నాలుగేళ్లుగా ఆ గ్రంథం చదివినప్పుడల్లా నాకు గొంతులో అడ్డుపడేది ఇదే. రూతులా నేను వచ్చాను, ఉండిపోయాను, ఈ జనాన్ని నా జనం అనుకున్నాను. ఆ చివరి మాట మాత్రం అనలేదు, అనలేను. పాపతో అదే చెప్పాను. పక్క బల్ల దగ్గర నుంచి అత్తయ్య విన్నారు. కుర్చీ జరుపుకుని వచ్చి కూర్చున్నారు. “రబ్బీలు ఓర్పా మీద దయ చూపలేదు. ఇశ్రాయేలీయుల శత్రువైన గొల్యాతు ఆమె సంతతివాడన్నారు. కానీ వాళ్లే ఇంకో మాటా చెప్పారు. అత్తను విడిచి వెళ్లేటప్పుడు ఆమె నాలుగు కన్నీటి బొట్లు కార్చిందని” అన్నారు.

“లెక్కపెట్టారా?” అంది పాప.

“లెక్కపెట్టారు” అన్నారు అత్తయ్య.

బ్రూక్లిన్‌లో ఆర్థడాక్స్ ఇంట్లో పెరిగిన అత్తయ్య, రాయకూడదన్న నియమం పాటించి, పండుగ నాడు కలం పట్టరు. ఆమె ఉన్నప్పుడు మా పిల్లలూ పట్టరు. అందుకని ప్రశ్నలన్నీ మనసులోనే పెట్టుకోవాలి. పండుగ దాటిన మర్నాడు ఫ్రిజ్ మీద ఒక కాగితం కనిపించింది. పాప చేతిరాత, తెలుగులో, వత్తులన్నీ పెద్దవిగా: “ఓర్పా వాళ్ల అమ్మ పేరు ఏమిటి?” గ్రంథంలో ఆ పేరు లేదు. కాగితాన్ని ఫొటో తీసి తెనాలి పంపించాను, కింద కథ క్లుప్తంగా చెప్పాను.

సాయంత్రం అమ్మ ఫోను చేసింది. వంట సంగతి అడగలేదు. “ఇంతకీ ఆ పిల్ల ఇంటికి చేరిందా?” అంది.

“రాయలేదమ్మా” అన్నాను.

“ఆదివారం పాపను ఫోను దగ్గర కూర్చోబెట్టు” అంది అమ్మ.