కేస్ షీట్‌లో రాయని చెవి

2025 ఏప్రిల్ 8న దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్ల కేసులో ఐదుగురి ఉరిశిక్షను తెలంగాణ హైకోర్టు ఖాయం చేసింది. ఆ రోజు సాయంత్రం మా బంధువులు చాలామంది ఫోన్ చేశారు. "మొత్తానికి న్యాయం జరిగింది బిడ్డా" అన్నారు. కుడి చెవికి ఫోన్ పెట్టుకుంటే నాకు మాటలు అర్థం కావు. అందుకే అందరి మాటలూ ఎడమ చెవితో విన్నాను. వాళ్ల ప్రేమ నాకు తెలుసు. కానీ కుడి చెవి సంగతి ఒక్కరికీ గుర్తు లేదు. పన్నెండేళ్లుగా ఎప్పుడో ఒకప్పుడు రాద్దాం అనుకుంటూ వచ్చాను. ఇప్పుడు భయం తగ్గింది కాబట్టి రాస్తున్నాను.

అది 2013 ఫిబ్రవరి 21, గురువారం. గురువారం కాబట్టి సాయిబాబా గుడికి వచ్చే జనం కూడా తోడై రోడ్డంతా కిటకిటలాడుతోంది. దిల్‌సుఖ్‌నగర్ అంటేనే కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, సాయంత్రమైతే మిర్చి బండ్లు. నేను మిర్యాలగూడ దగ్గరి ఊరి నుంచి వచ్చి డీఎస్సీ కోచింగ్ తీసుకుంటున్నాను. ఏడు గంటల ప్రాంతంలో క్లాసు అయిపోయి బస్టాప్ వైపు నడుస్తున్నాను. సైకిళ్లకు కట్టిన బాంబులు నిమిషాల తేడాతో రెండు చోట్ల పేలాయని తర్వాత పేపర్లలో చదివి తెలుసుకున్నాను. నేనైతే శబ్దం విన్న గుర్తే లేదు. గాలి ఎవరో తోసినట్టు తోసింది. కింద పడ్డాను. లేచి చూస్తే మనుషులు నోళ్లు తెరిచి అరుస్తున్నారు, అరుపు మాత్రం లేదు. అంతా నిశ్శబ్దం. కుడి పిక్క మీద సల్వార్ తడిసిపోయి ఉంది.

నన్ను ఎత్తుకెళ్లి ఆటోలో వేసిన ఇద్దరు కుర్రాళ్లు ఎవరో ఇప్పటికీ తెలియదు. ఒకతను తన మెడలోని తువ్వాల తీసి నా మోకాలి కింద గట్టిగా కట్టాడు. అతని పెదవులు ఒకే మాటను మళ్లీ మళ్లీ పలుకుతున్నాయి. ఆ మాటేమిటో నాకు ఎప్పటికీ తెలియదు. ఆ తమ్ముళ్లు ఎక్కడున్నా చల్లగా ఉండాలి. ఆ రోజు 18 మంది చనిపోయారు. వాళ్లలో నాలాగే ఉద్యోగం కోసం పట్నం వచ్చి చదువుకుంటున్న పిల్లలున్నారు. నేను బతికాను.

ఆస్పత్రిలో మొదటి రోజులు అందరికీ తెలిసినవే. ఎక్స్‌రేలు, కాలు శుభ్రం చేయడం, ఇనుప ముక్కలు తీయడం, ఇంజెక్షన్లు. లోతుగా ఉన్న రెండు మూడు ముక్కలను తీస్తే నరాలు దెబ్బతింటాయని అలాగే వదిలేశారు. క్యాజువాలిటీ నిండిపోయింది. రక్తం కారుతున్నవాళ్లను చూడాలా, చెవులు మూసుకుపోయాయన్నవాళ్లను చూడాలా? అంత గందరగోళంలో నా చెవులు ఎవరికీ పట్టలేదంటే అర్థం చేసుకోగలను. కేస్ షీట్‌లో కుడి కాలి గాయం అని మాత్రమే రాశారు.

కానీ ఆ తర్వాతి రోజుల్లో? జనం తగ్గాక? అప్పుడూ ఎవరూ చూడలేదు.

ఆ రాత్రి సంగతి చెప్పాలి. గాయానికి చీము పట్టింది, జ్వరం వచ్చింది. సర్జన్ రౌండ్స్‌కు వచ్చారు. నా కట్టు విప్పి చూసి, మా నాయనతో ఏదో మాట్లాడారు. నాకు ఒక్క ముక్క వినపడలేదు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆయన తన చేతిని నా తొడ మీద అడ్డంగా పెట్టి, ఇక్కడి నుంచి ఇక్కడి దాకా అన్నట్టు గీత గీశారు. నాయన మొహం పాలిపోయింది. గోడ పట్టుకుని అలాగే కింద కూలబడ్డాడు. సర్జన్ పక్క బెడ్‌కు వెళ్లిపోయారు.

కాలు తీసేస్తారని నాకు అర్థమైంది. ఇంకేం అర్థమవుతుంది?

"నాయనా, కాలు తీసేస్తరా?" అని అడిగాను. ఎంత గట్టిగా అరిచానో నాకు తెలియదు, వార్డంతా నా వైపు తిరిగింది. నాయన లేచి వచ్చి నా తల మీద చెయ్యి పెట్టి ఏదేదో చెబుతున్నాడు. పెదవులు కదులుతున్నాయి, కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. నా బ్యాగులో నోట్‌బుక్ ఉంది, పెన్ను ఉంది. తీసి ఇచ్చాను. మా నాయనకు చదువు రాదు. అమ్మకూ రాదు. పెన్ను చేతిలో పట్టుకుని నాయన నా వైపు చూసిన చూపు నేను చచ్చేదాకా మర్చిపోలేను. కన్నబిడ్డకు రెండు మాటలు చెప్పలేని అవస్థ ఏ తండ్రికీ రావద్దు.

ఆ రాత్రంతా కట్టు కింద కాలి బొటనవేలు కదిలిస్తూ పడుకున్నాను. కదులుతోంది కదా, కదిలే కాలును ఎట్లా తీస్తారు అనుకుంటూ. కాసేపు కన్ను మూతపడితే ఉలిక్కిపడి లేచి మళ్లీ వేలు కదిలించి చూసుకునేదాన్ని. చెవుల్లో ఇలకోడి కూసినట్టు ఆగకుండా ఒకటే మోత. ఊరి నుంచి రేపు ఎవరెవరు చూడ్డానికి వస్తారో, అప్పటికి కాలు ఉంటుందో ఉండదో. చెర్వుగట్టు రామలింగేశ్వరుడికి మొక్కుకున్నాను. స్వామీ, కాలు ఉంచు, చెవులు తీసుకో అన్నాను. అట్లాగే అన్నాను, ఆ మాటే అన్నాను.

తెల్లవారుజామున డ్యూటీ మారిన సిస్టర్ ఒకావిడ టెంపరేచర్ చూడ్డానికి వచ్చింది. ఏదో అడిగింది, నేను జవాబు చెప్పలేదు. మళ్లీ అడిగింది. నా మొహంలోకి చూసి, తన చెవిని చూపించి, చెయ్యి తిప్పింది. నేను తల అడ్డంగా ఊపాను. ఆవిడ పక్కనున్న గ్లౌజుల డబ్బా మూత చింపి, దాని వెనక రాసింది: "కాలు తీయరు. తొడ మీది చర్మం కొంచెం తీసి పిక్క మీద వేస్తారు. భయపడకు." ఆ అట్టముక్క చూసి ఎంత ఏడ్చానంటే నాయన కూడా లేచి కూర్చున్నాడు. చర్మం ఒలిచి తీస్తారని వినగానే కళ్లు తిరిగి కూలబడ్డానని తర్వాత ఎప్పుడో చెప్పాడు.

గ్రాఫ్టింగ్ చేసింది ఆ సర్జనే. అద్భుతంగా చేశారు. ఈ రోజు నేను స్కూల్లో పొద్దంతా నిలబడి పాఠాలు చెబుతున్నానంటే ఆయన చలవే, ఆ చేతులకు దండం పెడతాను. కానీ మంచం మీదున్న మనిషి వైపు తిరిగి, నీకు వినపడుతోందా అని ఒక్కసారి అడిగి ఉంటే నాకు ఆ రాత్రి ఉండేది కాదు. ఆ కోపం పోలేదు. పోవాలని కూడా లేదు.

ఆ సిస్టరే పట్టుబట్టి ఈఎన్‌టీకి చూపించింది. రెండు కర్ణభేరులూ పగిలాయి. పేలుడు ఒత్తిడికి శరీరంలో ముందుగా దెబ్బతినేది చెవేనని ఆ డాక్టరే చెప్పారు. ఎడమ చెవిది చిన్న చిల్లు కాబట్టి కొన్ని నెలలకు దానంతటదే మూసుకుంది. కుడి చెవికి టింపనోప్లాస్టీ, అంటే పగిలిన కర్ణభేరిని అతికే ఆపరేషన్ చేశారు. పొర అతికింది కానీ లోపలి చెవిలో చచ్చిపోయిన కణాలు మళ్లీ పుట్టవు. ఆ మోత ఇప్పటికీ ఉంది, రాత్రి పూట ఎక్కువ. మొదట్లో టెన్షన్‌తో నిద్ర పట్టేది కాదు. ఇప్పుడు ఫ్యాన్ శబ్దం పెట్టుకుని పడుకుంటాను.

తర్వాత ఒక సర్టిఫికెట్ కోసం వెళ్లాను. అక్కడి అధికారి నా కాగితాలు తిరగేసి, "కేస్ షీట్‌లో చెవి గురించి ఏమీ లేదు కదమ్మా. వినపడట్లేదని ఎవరైనా చెప్పొచ్చు" అన్నాడు. నాయన పక్కనే ఉన్నాడు. జీవితంలో ఎవరి మీదా గొంతు లేపని మనిషి, ఆ రోజు బల్ల మీద చెయ్యి వేసి, "నా బిడ్డ అబద్ధం చెప్తుందా సారూ?" అన్నాడు. ఆ మాట నాకు బాగానే వినపడింది. నాయన పోయి మూడేళ్లవుతోంది.

మా పిన్ని అయితే, సంబంధాలు వచ్చినప్పుడు చెవి సంగతి ఎత్తొద్దని అమ్మకు చెప్పింది. నేనే చెప్పాను. పెళ్లిచూపుల్లోనే చెప్పాను. ఆయన ఆ రోజు లేచి కుర్చీ తీసుకుని నా ఎడమ వైపుకు వచ్చి కూర్చున్నారు. ఇప్పటికీ బయటికెళ్తే నా ఎడమ పక్కనే నడుస్తారు.

బాంబు పేలుడే కాదు, సిలిండర్ పేలినా, బాణసంచా గోదాంలో ప్రమాదం జరిగినా, దగ్గరున్నవాళ్ల చెవులు చూపించండి. నొప్పి లేకపోయినా చూపించండి. చెవిలో నూనె పోయకండి, చుక్కల మందు సొంతంగా వేయకండి, నీళ్లు పోనివ్వకండి. చెప్పింది కేస్ షీట్‌లో రాశారో లేదో డిశ్చార్జ్ కాకముందే చదువుకున్నవాళ్లతో చదివించుకోండి. వినపడట్లేదంటే నమ్మనివాళ్లుంటే బెరా టెస్టు చేయించమని అడగండి. అందులో రోగి నోటితో ఏమీ చెప్పనక్కర్లేదు, శబ్దానికి మెదడు స్పందించిందో లేదో యంత్రమే చూపిస్తుంది. ఒంట్లో ఇనుప ముక్కలు మిగిలి ఉంటే ఎమ్మారై తీసేముందు తప్పకుండా చెప్పాలి. నేను ఆ ఎక్స్‌రే ఫిల్మును ఇప్పటికీ బీరువాలో భద్రంగా దాచుకున్నాను.

కేసులో ఎన్ఐఏ కోర్టు తీర్పు 2016 డిసెంబరులో వచ్చింది, హైకోర్టు తీర్పుకు ఇంకో ఎనిమిదేళ్లు దాటింది. శిక్ష పడాల్సిందే, నాకు ఆ విషయంలో రెండో మాట లేదు. అయితే ఆ రోజు గాయపడ్డ వందమందికి పైగా మనుషుల్లో ఎంతమంది చెవులు పరీక్షించారు? ఎంతమంది కాగితాల్లో రాశారు? నన్ను మాత్రం ఇన్నేళ్లలో ఏ ఆఫీసూ పిలిచి అడగలేదు. చెవి మెషిన్ నా జీతంతో కొనుక్కున్నాను, బ్యాటరీలూ నేనే కొనుక్కుంటున్నాను. అమ్మ చెర్వుగట్టుకు వెళ్లి నా మొక్కు తీర్చి వచ్చింది. కాలు ఉంచినందుకు స్వామికి రుణపడి ఉన్నాను. చెవికి జవాబు చెప్పాల్సింది మాత్రం మనుషులే.