టాబ్లెట్ ఇప్పుడే కొనాలా, ఆగాలా: లకుముకి బొమ్మ తేల్చిన సంగతి

టాబ్లెట్ మీద గీస్తున్న పిట్టల బొమ్మల వరసలో పని లకుముకి దగ్గర ఆగింది. ఒక్కో పిట్టనూ ఏ3 సైజులో గీసి, ప్రింటు తీయించి గోడకు పెట్టుకోవాలన్నది మొదటి నుంచీ అనుకున్నదే. పిచ్చుక, పావురం అయిపోయాయి. అవి గోధుమ, బూడిద రంగుల పిట్టలు కాబట్టి తక్కువ లేయర్లతో, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చే రంగు పొరలతో, గట్టెక్కాయి. లకుముకి అలా లొంగే పిట్ట కాదు.

దాని వీపు మీద అంత నీలం కనిపిస్తుంది కానీ, ఆ ఈకల్లో నీలిరంగు పదార్థం ఏమీ ఉండదు. ఈక లోపలి సన్నని అల్లికకు తగిలి వెలుగు చెదరడం వల్ల ఆ నీలం పుడుతుంది. అందుకే పిట్ట కాస్త పక్కకు తిరిగితే చాలు, నీలం ఆకుపచ్చలోకి జారిపోతుంది. తెర మీద అది రావాలంటే ఒక నీలం తీసుకుని పూసేస్తే కుదరదు. అడుగున ముదురు నెమలికంఠం రంగు వేశాను. దాని మీద ఆకాశనీలం, ఆపైన కింది రంగును వెలిగించే స్క్రీన్ మోడ్‌లో ఇంకో లేత నీలం, మళ్లీ దాని మీద ఈకల గీతలు. వీపు ఒక్కదానికే ఆరేడు లేయర్లు పట్టాయి. పొట్ట మీది నారింజ, చెవి దగ్గరి తెల్ల మచ్చ, ముక్కు, కొమ్మ, వెనక నీళ్లు వేరే. చివరికి వీపు నడుమ మెరుపు కోసం ఒక్క లేయరు కలపబోతే ఇక కుదరదని ఆప్ చెప్పేసింది.

కొత్త టాబ్లెట్ ఆలోచన చాన్నాళ్లుగా ఉంది. ప్రతిసారీ వచ్చే ఏడాది ఇంకా మంచిది వస్తుందిలే అని వాయిదా వేస్తూ వచ్చాను. ఈసారి అలా ఊహ మీద వదిలేయకుండా, గీసేటప్పుడు చెయ్యి ఎక్కడ ఆగుతోందో పక్కన కాగితం మీద రాసుకుంటూ వెళ్లాను. ఎందుకు ఆగిందో ఒక్క మాట, అంతే.

కొన్ని వారాలకు ఆ కాగితం చదివితే ప్రాసెసర్ వేగం ఊసే పెద్దగా లేదు. ఎక్కువసార్లు కనిపించింది రిఫరెన్స్ ఫోటో వెతుక్కోవడం, రంగు తేల్చుకోలేకపోవడం. అవి ఏ టాబ్లెట్ కొన్నా తీరేవి కావు. పరికరం వల్ల ఆగినవి మూడే మూడు రకాలు: లేయర్లు చాలకపోవడం, గీత పెన్ను మొన కింద కాకుండా కాస్త పక్కన పడటం, బ్యాటరీ. వీటిలో మొదటి రెండింటినీ విడివిడిగా చూశాను.

లేయర్ల లెక్క

ఏ3 కాగితం 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల చొప్పున, 3508 × 4961 పిక్సెళ్లు. హెచ్చవేస్తే సుమారు 1.74 కోట్ల పిక్సెళ్లు. ఒక్కో పిక్సెల్‌కి ఎరుపు, ఆకుపచ్చ, నీలం, పారదర్శకత కలిపి 4 బైట్లు. అంటే నిండుగా ఉన్న ఒక లేయరుకు దాదాపు 70 ఎంబీ. ఇరవై లేయర్లంటే 1.4 జీబీ. నా పాత టాబ్లెట్‌లో ఉన్న ర్యామ్, అంటే పని నడిచేటప్పుడు వాడుకునే మెమరీ, మొత్తం 3 జీబీ. అందులోనే ఆపరేటింగ్ సిస్టమ్ బతకాలి, ఆప్ బతకాలి, అన్‌డూ కోసం దాచుకునే వెనకటి గీతలూ పట్టాలి. ఆప్ ఇరవై దగ్గర చేతులెత్తేయడంలో తప్పేమీ లేదని ఈ లెక్కతో తెలిసింది.

కొనే ముందు ఉన్నదానితో ఎంతవరకు లాగగలనో కూడా చూశాను. ఇదే ఏ3ని 200 డీపీఐకి తగ్గిస్తే 2339 × 3307 పిక్సెళ్లు, లేయరుకు దాదాపు 31 ఎంబీ. సగానికన్నా తక్కువ. గోడ మీద పెట్టి నాలుగడుగుల దూరం నుంచి చూసే బొమ్మకు 200 బాగానే సరిపోతుంది. పావురాన్ని అలాగే తీయిస్తే ఎక్కడా తేడా కనిపించలేదు. కానీ లకుముకి తలమీద చిన్నచిన్న లేతనీలం చుక్కల వరసలు ఉంటాయి. 200లో వాటి అంచులు మెత్తబడ్డాయి, దగ్గరికి వెళ్లి చూసే ఎవరికైనా తెలుస్తుంది. నాకు అవి పదునుగా కావాలి. ఆ పిట్ట అందమంతా ఆ చుక్కల్లోనే ఉంది.

ఇంకో దారి, పూర్తయిన లేయర్లను కలిపేయడం. కొమ్మ, నీళ్లు కలిపేశాను, ఇబ్బంది లేదు. వీపు లేయర్లు కలపడానికి మాత్రం మనసొప్పలేదు. కలిపాక నీలం పాళ్లు మార్చుకునే వీలుండదు. కాబట్టి ర్యామ్ అవసరం నిజమైనదే. 6 జీబీ అయితే పని నడుస్తుంది, 8 అయితే నిశ్చింత.

గీత పక్కన పడటం

నన్ను ఎక్కువ విసిగించింది ఇదే. పాత తెరలో పై గాజుకూ లోపలి డిస్‌ప్లేకూ మధ్య సన్నని గాలి పొర ఉంది. లామినేట్ చేసిన తెరల్లో ఆ ఖాళీ ఉండదు, గాజు డిస్‌ప్లేకి అతుక్కునే ఉంటుంది. సినిమా చూసేవాళ్లకు ఈ తేడా అక్కర్లేదు. ఈక అంచు మీద ఇంకో ఈక అంచు ఆనించి గీయాలంటే మాత్రం, ఏటవాలుగా చూసినప్పుడు ఆ కాస్త ఎడమే గీతను పక్కకు నెడుతుంది. జూమ్ చేసి గీస్తే ఎడం తెలియదు, కానీ జూమ్‌లో మొత్తం పిట్ట ఆకారం కంటికి అందదు.

కొనే ముందు దుకాణంలో చూడటానికి పెట్టిన టాబ్లెట్ల మీద నేను చేసిన పరీక్షలు చెబుతాను. ఇవి ఎవరైనా రెండు నిమిషాల్లో చేసుకోవచ్చు. ముందు స్కేలు అంచు ఆనించి, ఐమూలగా చాలా నెమ్మదిగా ఒక గీత లాగాలి. పెన్ను సాంకేతికత బలహీనంగా ఉంటే ఆ గీత అలలు తిరుగుతుంది. త్వరగా గీస్తే ఈ లోపం దాక్కుంటుంది కాబట్టి నెమ్మదిగానే గీయాలి. గీత వణుకును ఆప్ తానే సరిదిద్దే స్టెబిలైజేషన్ ఆఫ్ చేసి ఉందో లేదో కూడా చూసుకోవాలి. తర్వాత పెన్నును బరువు పెట్టకుండా తెర మీద తేలికగా ఈడ్చాలి. ఏ మాత్రం ఒత్తిడికి మొదటి చుక్క పడుతోందో అక్కడ తెలుస్తుంది. ప్రకటనల్లో 4096 ఒత్తిడి స్థాయిలు, 8192 ఒత్తిడి స్థాయిలు అని రాస్తారు. ఆ రెండింటి మధ్య తేడా చేతికి తెలియదు. మొదటి చుక్కకు ఎంత నొక్కాలన్నదే చేతికి తెలుస్తుంది. సన్నని ఈక కొస గాలిలో కలిసిపోయినట్టు రావాలంటే అదే ముఖ్యం. ఆ తర్వాత తెర మూలల్లో చిన్న సున్నాలు చుట్టి చూడాలి, ఎందుకంటే కొన్నిటిలో గురి అంచుల్లోనే తప్పుతుంది. అరచెయ్యి పూర్తిగా ఆనించి రాయడం మర్చిపోవద్దు, చెయ్యి తగిలిన చోట గీత పడకూడదు.

సెకనుకు 60 సార్లు బొమ్మ మార్చే (60 హెర్ట్జ్) తెరనూ, 120 సార్లు మార్చే (120 హెర్ట్జ్) తెరనూ పక్కపక్కన పెట్టి చూశాను. 60లో ఒక ఫ్రేమ్ 16.7 మిల్లీసెకన్లు, 120లో 8.3. వేగంగా విసిరే గీతలో మొన వెనకే గీత పరుగెత్తడం 60లో కనిపించింది. నా పని నెమ్మది గీతల పని, అక్కడ తేడా దొరకలేదు. చకచకా స్కెచ్‌లు వేసేవాళ్లు, యానిమేషన్ చేసేవాళ్లు దీన్ని వేరేగా తూచుకోవాలి.

ఆగితే ఏం వస్తుంది

ఈ ప్రశ్నకు జవాబు వదంతుల్లో వెతకడం మానేసి, ఇప్పటికే జరిగిపోయిన మార్పులను చూశాను. అవైతే కళ్ల ముందు ఉన్నాయి.

ఐప్యాడ్ ఎయిర్ ఎం2 చిప్‌తో 2024 మేలో వచ్చింది. 2025 మార్చిలో ఎం3 వచ్చింది. తెర అదే, 60 హెర్ట్జే, ర్యామ్ 8 జీబీయే, దానికి పనిచేసే ఆపిల్ పెన్నులైన పెన్సిళ్లూ అవే. బొమ్మలు గీసే మనిషి ఆ పది నెలలు ఆగి ఉంటే చేతికి కొత్తగా తెలిసేది దాదాపు ఏమీ ఉండేది కాదు. ఐప్యాడ్ ప్రోలో కథ వేరు. ఎం4 ప్రో 256, 512 జీబీ మోడళ్లలో 8 జీబీ ర్యామ్ ఉంటే, 2025 అక్టోబరులో వచ్చిన ఎం5లో అది 12 అయింది. పెద్ద కాన్వాసులు వాడేవాళ్లకు అది పనికొచ్చే మార్పే. మామూలు ఐప్యాడ్ కూడా 2022 మోడల్ నుంచి 2025 మోడల్‌కి వచ్చేసరికి 4 జీబీ నుంచి 6 జీబీ ర్యామ్‌కి, 64 జీబీ స్టోరేజి నుంచి 128కి పెరిగింది. కానీ తెర లామినేట్ కాలేదు, అంటే నా రెండో సమస్య అక్కడే ఉండిపోయింది.

శామ్‌సంగ్ గెలాక్సీ ట్యాబ్ ఎస్ వరస వైపు కూడా గట్టిగానే చూశాను. దాని పెన్ను ఎస్ పెన్ పెట్టెలోనే వస్తుంది, గీయడానికి దానికి ఛార్జింగ్ అక్కర్లేదు. తెర కింది తీగల వల నుంచే పెన్ను శక్తి తీసుకుంటుంది, డ్రాయింగ్ టాబ్లెట్లు చేసే వాకమ్ కంపెనీ వాడే విద్యుదయస్కాంత పద్ధతి అది. నాకు చాలా నచ్చింది. అక్కడ ఆగడం గురించి ఒక పాఠం దొరికింది. 2023లో ఎస్9 11 అంగుళాల్లో ఉంది. తర్వాతి ఎస్10 ప్రధాన మోడళ్లలో పెద్ద సైజులైన ప్లస్, అల్ట్రా మాత్రమే వచ్చాయి. 11 అంగుళాలది మళ్లీ 2025లో ఎస్11తోనే వచ్చింది. చిన్న సైజు కోసం ఆగినవాళ్లకు ఒక తరం ఖాళీగా పోయింది. ఆగితే మెరుగైనదే వస్తుందన్న హామీ లేదు, కొన్నిసార్లు కావలసినదే వరసలోంచి తప్పుకుంటుంది.

పెన్నుల సంగతీ ఇలాంటిదే. 2018లో వచ్చిన రెండో తరం ఆపిల్ పెన్సిల్ 2024 ఎయిర్, ప్రోలకు పనిచేయదు. వాటికి పెన్సిల్ ప్రో గానీ, యూఎస్‌బీ-సీ పెన్సిల్ గానీ కావాలి. యూఎస్‌బీ-సీ దానికి ఒత్తిడి గ్రహించే గుణం లేదు, నోట్సు రాయడానికి బాగుంటుంది, ఈకలకు కాదు. కాబట్టి టాబ్లెట్ ఖరీదు ఒక్కటే చూసుకుంటే లెక్క తప్పుతుంది. టాబ్లెట్, దానికి సరిపడే పెన్ను, అదనపు నిబ్బులు కలిపి ఒకే అంకె రాసుకోవాలి. నేను పోల్చినవన్నీ ఆ అంకెతోనే పోల్చాను. అలా చూస్తే కొన్ని చవక మోడళ్లు చవకగా అనిపించలేదు.

ఇప్పుడు నా పద్ధతి ఇది. నా కాగితం మీద రాసుకున్న అడ్డంకి, వచ్చే మోడల్‌లో తీరుతుందని గట్టి కారణం ఉంటేనే ఆగుతాను. చిప్ పేరు మారుతుందని మాత్రం ఆగను. కొత్త మోడల్ ప్రకటన వారాల్లో ఉందని తెలిస్తే అది వచ్చేదాకా ఆగడం వేరు. అది కొత్తదాని కోసం కాదు, అప్పుడు పాతదాని ధర దిగుతుందని.

తీసుకున్నది

ఎం3 వచ్చాక వెనకపడ్డ ఎం2 ఎయిర్, 11 అంగుళాలది, 128 జీబీ. దాంతో పెన్సిల్ ప్రో. లామినేట్ తెర, 8 జీబీ ర్యామ్ రెండూ వచ్చాయి, 120 హెర్ట్జ్ వదులుకున్నాను. వాడేసింది తీసుకోవడం గురించి కూడా ఆలోచించాను. అలా కొనేవాళ్లు తెర మొత్తం ఒకే రంగు నింపి మచ్చలు చూసుకోండి, పాత యజమాని ఖాతా తీసేశాడో లేదో అక్కడే చూసుకోండి. ఎం2 ఎయిర్‌లో సెట్టింగ్స్‌లోనే బ్యాటరీ ఆరోగ్యం కనిపిస్తుంది. 1000 పూర్తి ఛార్జింగుల తర్వాత 80 శాతం సామర్థ్యం నిలిచేలా తయారుచేశామని ఆపిల్ చెబుతుంది, దాంతో పోల్చుకుంటే ఎంత వాడారో అంచనా దొరుకుతుంది.

పాత ఆప్ నుంచి బొమ్మను పీఎస్‌డీగా, అంటే లేయర్లు విడివిడిగా నిలిచే ఫోటోషాప్ ఫైలుగా, బయటికి తీసి ప్రోక్రియేట్ అనే బొమ్మల ఆప్‌లోకి తెచ్చాను. లేయర్లు, వాటి పేర్లు, స్క్రీన్ మోడ్ చక్కగా వచ్చాయి. బ్రష్‌లు రావు, వాటిని మళ్లీ కుదుర్చుకోవాల్సి వచ్చింది. కాన్వాస్ సమాచారంలో ఎన్ని లేయర్లు వేసుకోవచ్చో అదే చూపిస్తుంది. ఏ3 300 డీపీఐకి నా అవసరానికి రెట్టింపు కన్నా ఎక్కువే ఉంది. 128 జీబీ చాలుతుందా అన్న దిగులు కాస్త ఉండేది, గీసే తీరంతా వీడియోగా దాచే టైమ్‌ల్యాప్స్ రికార్డింగ్ ఆపేశాక ఫైళ్ల బరువు బాగా తగ్గింది.

పెన్సిల్ ప్రోలో నేను ముందు పట్టించుకోని గుణం ఒకటి ఇప్పుడు పనికొస్తోంది. పెన్నును వేళ్ల మధ్య తిప్పితే చదును బ్రష్ కూడా దానితోపాటే తిరుగుతుంది. రెక్క ఈకలు భుజం దగ్గర పొట్టిగా, అడ్డంగా మొదలై కిందికి వచ్చేకొద్దీ నిలువవుతాయి. ఇదివరకు ప్రతి వరసకూ బ్రష్ కోణం సెట్టింగ్‌లోకి వెళ్లి మార్చేవాణ్ని. ఇప్పుడు గీత మధ్యలోనే మణికట్టుతో తిప్పేస్తున్నాను. రెక్క మొత్తం ఒక్క కూర్చోవడంలో అయిపోయింది, ఈకల వరుసలో ఇంత సాఫీతనం నా బొమ్మల్లో ఇదే మొదటిసారి.

తెర మీద గరుకు ఫిల్మ్ ఇంకా అంటించలేదు. కాగితం మీద గీసినట్టు పట్టు ఇస్తుంది కానీ నిబ్బును త్వరగా అరగదీస్తుంది, తెర పదును కూడా కొంచెం తగ్గిస్తుంది. ఆ తలమీది చుక్కలు అయ్యేదాకా గాజు మీదే గీస్తాను.

మిగిలింది ప్రింటు. ఈ తెర పీ3 అనే విశాలమైన రంగుల శ్రేణిని చూపిస్తుంది, అందులో వెలిగే నీలమంతా ప్రింటు సిరాకు అందదు. అందుకని మొత్తం బొమ్మ ఇచ్చేముందు వీపు, పొట్ట కలిసే చోటు నుంచి అరచేతంత ముక్క కత్తిరించి అదే కాగితం మీద తీయించడానికి పంపాను. అది వచ్చాక నీలం లేయర్ల పాళ్లు సరిచేసి, కూకుడు గువ్వ జుట్టుకు స్కెచ్‌లు మొదలుపెడతాను.