పడక కుర్చీ పక్కన మోటారు కుర్చీ

మా నాన్నగారు ముప్పై ఏళ్ళుగా కూర్చుంటూ వచ్చిన పడక కుర్చీ టేకుది. వెనక చట్రానికి మూడు గంట్లు ఉంటాయి. ఏ గంటులో కర్ర ఆనిస్తే అంత వాలు. ఆయనకిప్పుడు 78వ ఏడు నడుస్తున్నది. మోకాళ్ళు అరిగాక ఆ కుర్చీలో కూర్చోవడం కన్నా లేవడమే పెద్ద పని అయింది. సాగిన గుడ్డలో నడుము దిగబడిపోయి, చేతులు ఆనించి లేద్దామన్నా పట్టు చిక్కక, ప్రతిసారీ అమ్మ వచ్చి రెండు చేతులూ పట్టుకొని లేపవలసి వచ్చేది. అమ్మకు 72. ఒకరోజు ఇద్దరూ కలిసి పడబోయారని ఫోనులో విన్న తరువాత, ఆ ఆదివారమే పాలకొల్లు దగ్గరి మా ఊరు వెళ్ళి, ఆయన తేలిగ్గా లేవగలిగే రిక్లైనరు, అంటే వెనక్కి వాలే సోఫా లాంటి కుర్చీ కొనడానికి, నాన్నగారిని వెంటబెట్టుకొని భీమవరం బయలుదేరాను.

ఆయనను తీసుకువెళ్ళడమే నేను చేసిన మంచి పని. దుకాణంలో మొదట చూపించినది పక్కనున్న పిడి లాగితే వెనక్కి వాలే రకం, ధర తక్కువే. కాని దాన్ని మళ్ళీ మూయాలంటే కాళ్ళు పెట్టుకున్న పలకను మడమలతో బలంగా కిందికి నొక్కాలి, ఆ బలమే ఉంటే మేము దుకాణానికి వచ్చేవాళ్ళమే కాదు. సీటు మొత్తాన్ని ముందుకు ఎత్తి మనిషిని దాదాపు నిలబెట్టే లిఫ్టు కుర్చీ కూడా చూశాము గాని, అది మేము అనుకున్న దానికి రెట్టింపు పలికింది. చివరికి ఒక్క మోటారుతో వీపు, కాళ్ళ పలక కలిసి కదిలే మామూలు రకం దగ్గర ఆగాము. రెండు మోటార్ల దానిలో వీపును, కాళ్ళను విడివిడిగా కదపవచ్చు. అయితే మీటలు పెరిగినకొద్దీ పెద్దవాళ్ళకు తికమక కూడా పెరుగుతుందని నా అభిప్రాయం. మొదట కూర్చున్న కుర్చీ లోతు ఎక్కువై నాన్నగారి పాదాలు నేలకు ఆనలేదు. రెండవదానిలో ఆనాయి, కుర్చీ చేతులు గట్టిగా ఉన్నాయి, సీటు ఎత్తు 19 అంగుళాలు. ఎవరి సాయమూ లేకుండా లేచి నిలబడి, నా వైపు చూసి, ఏమీ అనకుండా మళ్ళీ కూర్చున్నారు. నాకు అది చాలు.

పైన రెక్సిన్ వేసినది నిగనిగలాడుతూ కనిపించింది గాని, మా డెల్టా ఉక్కలో అది వీపుకు అంటుకుంటుంది, కొన్నేళ్ళకు పొట్టు రాలినట్టు రాలుతుంది; మా బంధువుల ఇంట్లో సోఫా చూసిన అనుభవమది. అందుకే గుడ్డ రకం తీసుకున్నాము. బేరమాడగా 27,000 దగ్గర తెగింది. బిల్లు వద్దంటే ఇంకా తగ్గిస్తామన్నారు. 18 శాతం జీఎస్టీ మిగులుతుందని ఆశ పుట్టిన మాట నిజమే, కాని మోటారుకు ఇచ్చే ఏడాది వారంటీ ఆ బిల్లు చూపిస్తేనే చెల్లుతుంది కనుక బిల్లే తీసుకున్నాను.

కొలతల దగ్గర మాత్రం నేను తెలివిగా లేను. కుర్చీ వెడల్పు 36 అంగుళాలు, మా పెంకుటింటి ద్వారబంధం 31. వీపు భాగం విడిగా వస్తుంది కాబట్టి, కింది భాగాన్ని పక్కకు తిప్పి ఎలాగో గడప దాటించాము. కుర్చీని ట్రాలీ ఆటోలో తెచ్చినవాడు పెట్టెలను వసారాలో దించి, "ఫిట్టింగు మా పని కాదండి బాబూ" అని వెళ్ళిపోయాడు. మా పెదనాన్నగారి అబ్బాయీ నేనూ మిగిలాము. వీపుకు అడుగున రెండు ఇనప గాడులు ఉంటాయి. వాటిని సీటు మీద నిలబడి ఉన్న రెండు పట్టీలకు ఒకేసారి సమంగా దించాలి. మేము ఒక పక్క దించి రెండవ పక్క వదిలేశాము కనుక, టక్కుమని శబ్దం వచ్చిందనుకొని సంబరపడిన వీపు కాస్తా అరగంట సేపు పళ్ళూడిన చక్రంలా ఊగింది. మళ్ళీ తీసి, ఇద్దరం చెరోవైపు నిలబడి దింపితే కూర్చుంది.

తరువాత మీట నొక్కితే కదలలేదు. దుకాణానికి ఫోను చేస్తే సర్వీసు మనిషి వారం తరువాత వస్తాడన్నారు. కుర్చీని పక్కకు ఒరిగించి చూస్తే, అడాప్టరు నుంచి మోటారుకు వెళ్ళే తీగ సగమే దూరి ఉంది, రవాణాలో కదలకుండా కట్టిన ప్లాస్టిక్ పట్టీ ఇంకా అలాగే ఉంది. పట్టీ కత్తిరించి, తీగను లోపలికి నొక్కగానే చిన్న రొదతో కాళ్ళ పలక లేచింది.

మొదటిసారి పూర్తిగా వాలినప్పుడు కుర్చీ తల గోడకు తగిలి సున్నం గీరుకుపోయింది. ముందుకు జరుపుతూ చూస్తే పది అంగుళాల ఖాళీ కావలసి వచ్చింది. నేల మీద సుద్దతో గీత గీసి ఉంచాను.

నాలుగవ సాయంత్రం గాలివాన వచ్చి కరెంటు పోయింది. నాన్నగారు అప్పుడు కాళ్ళు బార్లా చాపి పడుకొని ఉన్నారు. ఈ కుర్చీలో చిన్న మోటారు ఒక పొడవైన మరను తిప్పుతుంది. ఆ మర మీద జరిగే కడ్డీ పలకను నెడుతుంది. మర ఎక్కడ ఆగితే అక్కడే బిగిసి ఉంటుంది కాబట్టి కుర్చీ ఏ వాలులోనైనా నిలుస్తుంది, అందుకే చేత్తో నొక్కినా దిగదు. కొన్ని అడాప్టర్లలో ఇలాంటి వేళల కోసం రెండు 9 వోల్టుల బ్యాటరీలు వేసుకునే వీలుంటుంది, మాదానిలో లేదు. "ఇది కుర్చీ కాదురా, బోను" అన్నారు నాన్నగారు. నలభై నిమిషాల పాటు అమ్మ కాఫీ కూడా అక్కడికే అందించింది. మరునాడు ఎలక్ట్రీషియనును పిలిచి ఇన్వర్టరు లైను మీద కుర్చీ పక్కనే ఒక ప్లగ్గు పెట్టించాను. అడాప్టరు మీద 29 వోల్టులు, 2 ఆంపియర్లు అని రాసి ఉంది, అంటే 58 వాట్లు. పాత సీలింగు ఫ్యాను కన్నా తక్కువే, అదీ కదిలే కొన్ని క్షణాలే. ఈ పని మొదటి రోజే చేసి ఉండవలసింది.

రిమోటు మీద రెండు మీటలూ ఒకేలా ఉంటాయి. లేచే మీట మీద అమ్మ ఎర్రటి బొట్టుబిళ్ళ అంటించింది. కళ్ళజోడు లేకున్నా వేలికి తగులుతుంది. కుర్చీని మూసేముందు పలక కింద పిల్లి ఉన్నదేమో చూడడం ఆమె పెట్టిన రెండవ నియమం, ఎందుకంటే అడుగున కత్తెరలా ముడుచుకునే ఇనప పట్టీలలో దాని కాలు ఇరుక్కుంటే వదలదు. వానాకాలంలో మా గచ్చు చెమ్మ కక్కుతుంది కనుక కుర్చీ కాళ్ళ కింద రబ్బరు బిళ్ళలు వేశాము, ఆ పట్టీల కీళ్ళకు కుట్టు మిషను నూనె రెండు చుక్కలు వేస్తున్నాము.

పడక కుర్చీ వసారాలో ముడిచి గోడకు ఆనించి ఉంది. దాని గుడ్డ మార్పించమని నాన్నగారు నిన్న మళ్ళీ అడిగారు. ఎవరు కూర్చోవడానికని అమ్మ అంటే, వచ్చినవాళ్ళు కూర్చోవద్దా అన్నారు.