ఆరు చాకులు

ఆదివారం, రాత్రి పది దాటింది.

అసలు నిన్ననే పోవాల్సింది. చెప్పులేసుకుని గడప దాటుతుంటే అత్తమ్మ ఆపింది. "శనివారం నాడు ఇనుము ఎవరన్న ఇంట్లకు తెస్తరా?" అంది. వాదించే ఓపిక లేక ఊరుకున్నా. ఇవాళ పొద్దున్నే ఆర్మూర్ నుంచి మెట్‌పల్లి రోడ్డు పట్టుకుని కమ్మరి కాక దగ్గరికి పోయొచ్చాను.

ఈ దసరాకి అందరికీ చిన్న చాకులు పెట్టాలని నెల కిందటే అనుకున్నా. ఏటా జాకెట్టు ముక్కలు, స్టీలు డబ్బాలే. రెండేళ్ల కింద నేను పెట్టిన ఆకుపచ్చ జాకెట్టు ముక్క ఎన్ని ఇళ్లు తిరిగిందో ఏమో, పోయినేడు మళ్లీ నాకే వచ్చింది. మడత కూడా విప్పలేదు. అది చూశాకే ఇక చాలనిపించింది.

చాకుల ఆలోచన మాత్రం పోయినేడు సద్దుల బతుకమ్మ నాడు వచ్చింది. గునుగు పూలను పిడికెడు కట్టలు కట్టి, కాడల అడుగులు సమంగా కోస్తేనే తాంబాళంలో వరస నిలబడుతుంది. కత్తెరతో కోస్తే కాడ నలుగుతుంది. ఆరుగురు ఆడవాళ్లం, ఇంట్లో ఉన్నది ప్లాస్టిక్ పిడి మొద్దు చాకు ఒక్కటి. "అయిందా, అయిందా" అని ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కోవడమే. పెద్ద వదిన చివరికి గోటితో తుంచింది. ఆ బతుకమ్మ ఒక పక్కకి ఒరిగే చెరువుకి పోయింది.

ముందు ఆన్‌లైన్‌లో చూశా. "హ్యాండ్‌మేడ్ డమాస్కస్" అని ఒకటి 2,400 పెట్టి తెప్పించా, శాంపిల్‌గా. అలలు అలలుగా గీతలు, భలే ఉంది. రెండు వారాలు నిమ్మకాయలు కోసేసరికి అలలు చెరిగిపోయాయి. పైపైన వేసిన అచ్చు! తిరిగి పంపుదామంటే గడువు దాటిందన్నారు.

అదీ మా ఊళ్లకే అమ్మారు చూడండి. కమ్మర్‌పల్లి మండలం కోనసముద్రం ఇక్కడికి ఎంత దూరమని? ఒకప్పుడు మట్టి మూసల్లో కరిగించి ఉక్కు ముద్దలు తీసింది అక్కడే. ఆ ఉక్కు కోసం పర్షియా వర్తకులు అంత దూరం నుంచి వచ్చేవాళ్లని హెన్రీ వాయిసీ అనే ఇంగ్లీషు భూగర్భ శాస్త్రవేత్త రాసింది 1832లో అచ్చయింది. ఇంగ్లీషువాళ్లు వూట్జ్ అనేది మన ఉక్కు మాటనే అంటారు. సిరియాలోని డమాస్కస్ ఊరి పేరుతో పిలిచే పాతకాలపు కత్తుల్ని ఇలాంటి ఉక్కుతోనే చేసేవాళ్లు. వాటి మీద అలలు ఆ లోహంలోంచి పుట్టేవి, అచ్చు వేస్తే వచ్చినవి కావు. ఇప్పుడు కోనసముద్రంలో ఆ కొలుములు లేవు. కాక కూడా ఉక్కు కాయడు. ఆయనకి ముడిసరుకు విరిగిన లారీ కమాను పట్టీలు. అవి మంచి ఉక్కే, ఏళ్ల తరబడి ఇసుక లారీలు మోసినవి కదా.

నేను పోయేసరికి అయిదు చాకులు తయారుగా ఉన్నాయి. ఆరోది నా ముందే చేశాడు. తిత్తి ఎప్పుడో పోయింది, చిన్న కరెంటు బ్లోయర్ పెట్టుకున్నాడు. ముక్క కాగి నారింజ రంగుకి రాగానే పట్టుకారుతో దాగలి మీద పెట్టి సుత్తితో సాగదీశాడు. ఆకురాయితో అంచు దిద్దాడు. మళ్లీ కాచి, అంచు మటుకే పాత ఇంజనాయిల్ డబ్బాలో ముంచాడు. గుప్పున పొగ.

అక్కడితో అయిపోయిందనుకున్నా. అసలు పని అప్పుడు మొదలైంది. అంచుని రాయి మీద రుద్ది తెల్లగా చేసి, వెలుతురుకి పట్టుకుని చూస్తూ కూర్చున్నాడు. వెనక మందంలో మిగిలిన వేడి మెల్లగా అంచు వైపు దిగుతోంది. తెలుపు మీద ఎండుగడ్డి రంగు పాకింది. "ఇగో బిడ్డా, గిదీ" అని మళ్లీ ముంచేశాడు. ఇంకాస్త ఆగితే ఊదా, ఆ తర్వాత నీలం వస్తుందట. నీలం దాకా పోతే అంచు మెత్తబడుతుంది. అసలు ఈ రెండో వేడే ఇవ్వకపోతే గాజులా పెళుసుగా ఉండి, ఎముక తగిలితే చిట్లుతుందన్నాడు. కొలత పరికరం ఏదీ లేదు. ఆ రంగు, ఆయన కళ్లు.

పిడి తుమ్మకర్ర. చాకు వెనక సన్నటి ములుకుని ఎర్రగా కాచి కర్ర బొందలోకి దిగ్గొడితే చుయ్ మంటూ కాలుతూ పోయి కూర్చుంది. చీలకుండా మొదట్లో చిన్న పైపు ముక్కతో పొన్ను వేశాడు. కాలిన తుమ్మ వాసన ఇప్పటికీ నా చున్నీకి ఉంది.

ఒక్కోటి నూట యాభై, ఆరింటికి తొమ్మిది వందలు. బేరం ఆడలేదు. "పండుగకు ఇస్తున్నవు గదా" అని కాకే యాభై తిరిగిచ్చాడు. తడి ఉంచొద్దని, వాడాక తుడిచి రెండు చుక్కల నూనె రాయమని చెప్పాడు. నిమ్మ, టమాట తగిలితే నల్లబడుతుంది, తుప్పు కాదు, భయపడొద్దన్నాడు. ఈ మాట చిన్న వదినకి రెండుసార్లు చెప్పాలి, లేకపోతే పీచు పెట్టి తోమి తోమి ఫోన్ చేస్తుంది.

ఇంటికి రాగానే రెండో పేచీ. "కత్తి పంచితే చుట్టరికం తెగుతది" అంది అత్తమ్మ. తమ్ముడు దుబాయ్ నుంచి వీడియో కాల్‌లో నవ్వుతున్నాడు, వాడిది చెక్-ఇన్ బ్యాగులో పెట్టించాలని నా టెన్షన్ నాది. చివరికి రాజీ ఏమంటే, తీసుకున్నవాళ్లు తలా ఒక రూపాయి నా చేతిలో పెట్టాలి, అప్పుడది కొనుక్కున్నట్టు. చేతికి కాకుండా కింద పెట్టి ఇవ్వాలి. దసరా నాడు ముందు ఆయుధపూజలో పెట్టి బొట్టు పెట్టాలి. మరి గునుగు కాడలు సద్దుల నాడే కోయాలి కదా అంటే, "గది వేరే" అంది. ఎట్లా వేరేనో చెప్పలేదు.

భోంచేశాక పాత క్యాలెండర్ అట్ట కత్తిరించి ఒక్కోదానికి ఒర చేశాను. పెద్ద వదిన, చిన్న వదిన, యారాలు, చెల్లి, చిన్నమ్మ, తమ్ముడు, ఒక్కో అట్ట మీద పేరు రాశాను. నాకు మిగల్లేదని అప్పుడు గుర్తొచ్చింది. మళ్లీ పోవాలి, శనివారం కాకుండా.

అయిదూ బాగానే దూర్చాను. ఆరోది, నా ముందు చేసిందే, అట్టలోంచి అంచు బయటికొచ్చి బొటనవేలు కోసింది. నొప్పి కూడా తెలియలేదు, అంత పదును. పసుపు అద్దుకున్నా. కానీ చిన్న వదిన పేరు పక్కన రక్తపు చుక్క పడింది. పొద్దున అత్తమ్మ లేవకముందే ఆ అట్ట మార్చాలి.